డౌన్‌టన్ ఆబీలో దొరల మర్యాద నిజంగా అలాగే ఉండేదా? తెలిసినవాళ్లు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. బ్రిటన్‌లో ఐటీవీ ఛానెల్ 2010లో మొదలుపెట్టిన డౌన్‌టన్ ఆబీ సీరియల్‌ని మా అమ్మాయితో కలిసి చూస్తున్నాను. ఇంగ్లాండులో ఒక దొరల కుటుంబం, వాళ్ల ఇంటి పనివాళ్ల కథ ఇది. కథ 1912 ఏప్రిల్‌లో, టైటానిక్ మునిగిన వార్తతో మొదలవుతుంది. ఆ ఉదయం దొరగారి పేపరును పనివాడు ఇస్త్రీ చేస్తుంటాడు, చేతికి సిరా అంటకుండా. ఇంత చిన్న విషయం కూడా పట్టించుకున్నారే అని ముచ్చటేసింది.

అయినా అక్కడి ప్రేక్షకులు వదల్లేదు. మొదటి సీజన్లోనే ఒక ఇంటి మీద టీవీ యాంటెన్నా, రోడ్డు పక్కన జంట పసుపు గీతలు (బండి ఆపకూడదని చెప్పే ఇప్పటి గుర్తు) పట్టేశారు. 2014లో ప్రచారం కోసం వదిలిన ఫొటోలో నటుల వెనక ప్లాస్టిక్ నీళ్ల బాటిల్ కనిపించి పెద్ద గోలయింది. ఇవి షూటింగ్ పొరపాట్లు, పోనిద్దాం. ‘లెర్నింగ్ కర్వ్’ (కొత్త పని నేర్చుకుంటూ అలవాటు పడే క్రమం) లాంటి మాటలు ఆ కాలానివి కావని వచ్చిన అభ్యంతరం మాత్రం నాకు సబబుగానే అనిపించింది.

నా అసలు సందేహం మనుషుల మధ్య నడవడి గురించి. వంటావిడకు చూపు మందగిస్తే దొరగారు తన ఖర్చుతో లండన్ పంపి ఆపరేషన్ చేయిస్తారు. అప్పటి పెద్ద ఇళ్లలో ఇది మామూలేనా, లేక ఈ కాలం వాళ్లకు నచ్చేలా మెత్తబరిచారా? అమ్మాయి డిగ్రీలో ఆ కాలం చరిత్రే చదువుతోంది. సీరియల్ చూసి అదే నిజమనుకుంటుందేమోనని నా టెన్షన్.

బ్రిటిష్ చరిత్ర చదివినవాళ్లు, ఇంగ్లాండులో ఉంటున్న మనవాళ్లు ఎవరైనా చెప్పండి. ఆ ఇళ్లలో పనిచేసినవాళ్లు స్వయంగా రాసుకున్న జ్ఞాపకాలు ఉంటే, ముందు ఏది చదవమంటారు?