మహిళల వ్యసన చికిత్సకూ హెచ్‌ఐవీ నివారణకూ కలిపి ప్రభుత్వ నిధులు కోరడం ఎలా?

మత్తుపదార్థాలకు అలవాటుపడిన మహిళలకు చికిత్సనూ హెచ్‌ఐవీ నివారణ సేవలనూ ఒకేచోట అందించే కేంద్రం కోసం ప్రభుత్వ నిధులు కోరుతూ ప్రతిపాదన తయారుచేస్తున్నాను. ఇటువంటి ప్రతిపాదనలు రాసినవారి, లేదా పరిశీలించినవారి సలహా కావాలి.

చిక్కంతా పద్దుల దగ్గరే వస్తోంది. వ్యసన చికిత్స నిధులు ఒక విభాగానివి, హెచ్‌ఐవీ నిధులు మరో విభాగానివి. సూదితో మత్తుమందు తీసుకునే స్త్రీకి మాత్రం మెథడోన్ లేదా బ్యూప్రెనార్ఫిన్ (హెరాయిన్ వంటి మత్తుమందులకు బదులుగా చికిత్సలో ఇచ్చే మందులు), శుభ్రమైన సిరంజీలు, కండోములు, హెచ్‌ఐవీ పరీక్ష, అవసరమైతే ప్రెప్ మాత్రలు (హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వేసుకునేవి) ఒక్క రాకలోనే అందాలి. మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ రెండూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఉన్నాయి కనుక వాటి అవసరాన్ని నిరూపించడం కష్టం కాదు. పిల్లలను చూసుకునే ఆయా జీతం, దారి ఖర్చులు, విడి గది అద్దె వంటివే అదనపు హంగులుగా కనబడి కోతకు గురవుతాయి. చంటిబిడ్డను ఎవరికి అప్పగించాలో తెలియని తల్లి చికిత్సకే రాలేకపోతుంది కాబట్టి, ఇవి చికిత్సలో భాగమనే నా అభిప్రాయం. వీటిని చికిత్స పద్దులోనే చూపాలా, సహాయక సేవలుగా విడిగా చూపాలా?

ఒకే నర్సు రెండు పనులూ చేస్తున్నప్పుడు ఆమె జీతాన్ని ఏ ప్రాతిపదికన పంచాలి? పని గంటల నమోదు సరిపోతుందా?

అన్నిటికంటే ముఖ్యమైన సందేహం మరొకటి. ఒకే మహిళను రెండు నివేదికల్లోనూ లెక్కించవలసి వచ్చినప్పుడు, ఆమె వ్యసనం సంగతీ హెచ్‌ఐవీ ఫలితమూ పేరుతో ముడిపడకుండా సంకేత సంఖ్యలను ఎలా నిర్వహిస్తున్నారు, ఏ సంఖ్య ఎవరిదో తెలిపే జాబితాను ఎవరి దగ్గర ఉంచుతున్నారు?