గ్లాస్గో వెళ్లిన ఐరిష్ కుటుంబం: ఐర్లండ్‌లో వాళ్ల ఊరు పట్టుకోవడం ఎలా?

ప్రశ్న

1861 సెన్సస్‌లో, స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఒక కాథలిక్ కుటుంబం దొరికింది. ఇంటిపేరు డాకర్టీ. భార్యాభర్తలిద్దరికీ పుట్టిన చోటు గడిలో "ఐర్లండ్" అని ఒక్క మాటే ఉంది. పన్నెండేళ్ల పెద్దకూతురు ఐర్లండ్‌లో పుట్టింది. ఎనిమిదేళ్ల కొడుకు, మూడేళ్ల చిన్నది గ్లాస్గోలో పుట్టారు. ఓడ ప్రయాణికుల జాబితాలు ఎంత గాలించినా వీళ్ల జాడ లేదు. ఐర్లండ్ రికార్డుల్లో చూస్తే అవే పేర్లతో పదుల కొద్దీ మనుషులు. ఊరు తెలుసుకునే దారి ఉందా?

జవాబు 1

ఓడల జాబితాలు పక్కన పెట్టేయండి. 1801 నుంచి ఐర్లండ్, స్కాట్లండ్ రెండూ ఒకే రాజ్యంలో ఉండేవి. డెర్రీలోనో బెల్‌ఫాస్ట్‌లోనో స్టీమర్ ఎక్కి గ్లాస్గోలో దిగినవాళ్ల పేర్లు రాసి ఉంచాల్సిన అవసరం అప్పట్లో ఎవరికీ లేదు. పిల్లల వయసులను బట్టి చూస్తే వీళ్లు 1849కీ 1853కీ మధ్య వచ్చారు. ప్రయాణం గురించి అంతకంటే తెలియకపోయినా నష్టం లేదు.

ఊరి పేరు చేతికొచ్చేదాకా స్కాట్లండ్ రికార్డులు వదలొద్దు. అక్కడ 1855 జనవరి 1న మొదలైన జనన, మరణ, పెళ్లి రిజిస్టర్లు చాలా వివరంగా ఉంటాయి, స్కాట్లండ్స్‌పీపుల్ సైట్‌లో డబ్బు కట్టి చూడొచ్చు. డెత్ ఎంట్రీలో చనిపోయినవాళ్ల తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉంటాయి, తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా. ఐర్లండ్ దాటి ఎన్నడూ రాని తాత పేరు కూడా అలా గ్లాస్గో కాగితంలో దొరుకుతుంది.

బర్త్ ఎంట్రీలో తల్లిదండ్రుల పెళ్లి ఎప్పుడు, ఎక్కడ జరిగిందో ఉంటుంది. కానీ ఆ గడి 1855లో పెట్టి, 1856 నుంచి 1860 దాకా తీసేసి, 1861లో మళ్లీ పెట్టారు. మీ చిన్నపిల్ల సరిగ్గా ఆ ఖాళీలో పడింది, కొడుకు రిజిస్టర్ మొదలవకముందే పుట్టాడు. కాబట్టి 1861 సెన్సస్ తర్వాత ఇంకో బిడ్డ పుట్టిందేమో 1871 సెన్సస్‌లో చూడండి. పుడితే ముందుగా తీయాల్సింది ఆ ఎంట్రీనే. పెళ్లి ఐర్లండ్‌లో జరిగి ఉంటే కౌంటీ (జిల్లా లాంటిది) అయినా, ఒక్కోసారి పారిష్ (ఒక చర్చి కిందకొచ్చే కొన్ని ఊళ్లు) కూడా దొరుకుతుంది.

జవాబు 2

పైన చెప్పినదానికి ఇంకొకటి. మిచెల్ లైబ్రరీలో ఉన్న గ్లాస్గో సిటీ ఆర్కైవ్స్‌లో పేదల సాయం దరఖాస్తులు తప్పకుండా అడగండి. ఐరిష్ కుటుంబాలకు ఇంతకంటే మంచి రికార్డు లేదు. పేదల సాయం కూడా పారిష్‌ల వారీగానే నడిచేది, గ్లాస్గో సిటీ పారిష్‌వి 1851 నుంచి ఉన్నాయి.

1845 నాటి స్కాట్లండ్ పేదల సాయం చట్టం ప్రకారం సాయం ఖర్చు ఏ పారిష్ భరించాలన్నది ఆ మనిషి ఎక్కడివాడన్నదాని మీద ఆధారపడేది. ఐదేళ్లు ఒకే పారిష్‌లో ఉన్నట్టు తేలకపోతే ఐర్లండ్‌కు తిప్పి పంపే వీలుండేది. అందుకే ఇన్‌స్పెక్టర్ గుచ్చి గుచ్చి అడిగి, పుట్టిన పారిష్, కౌంటీ, తల్లిదండ్రుల పేర్లు, పెళ్లి, పిల్లలు, ఉన్న అద్దె ఇళ్లు అన్నీ రాసేవాడు. సెన్సస్ గుమాస్తాకు "ఐర్లండ్" అంటే సరిపోయింది, ఇతనికి సరిపోదు.

ఒంట్లో బాగున్న మగవాళ్లకు సాయం దక్కేది కాదు కాబట్టి విధవరాలి పేరుతో, జబ్బుపడ్డ అన్నదమ్ముల పేరుతో, పెళ్లయిన కూతుళ్ల పేరుతో వెతకండి.

జవాబు 3

ఇంటిపేరు స్పెల్లింగ్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. స్కాట్లండ్‌లో రాసిన డాకర్టీ మధ్యలో ఒక "సీ" ఉంటుంది. ఐర్లండ్‌లో అదే డోహర్టీ, ఆ "సీ" ఉండదు, ముందు "ఓ" ఉండొచ్చు, లేకపోవచ్చు. గాలగర్ కూడా అంతే, స్కాట్లండ్‌లో "జీ" స్థానంలో "సీ" వచ్చి గాలకర్ అవుతుంది.

పారిష్ తెలిశాక నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఐర్లండ్ సైట్‌లో కాథలిక్ చర్చిల బాప్టిజం, పెళ్లి రిజిస్టర్ల పేజీలు ఉచితంగా చూడొచ్చు, సుమారు 1880 దాకా. పేర్లు లాటిన్‌లో ఉంటే జేమ్స్ జాకోబస్ అవుతాడు, విలియం గులియెల్మస్ అవుతాడు. తండ్రి పేరొక్కటే పట్టుకుని వెతక్కండి, తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా కలిస్తేనే నమ్మండి. జ్ఞాన తల్లిదండ్రుల (బాప్టిజంలో బిడ్డ తరఫున నిలబడేవాళ్ల) పేర్లు కూడా రాసుకోండి. వాళ్లు చాలావరకు చుట్టాలే, గ్లాస్గోలో పెళ్లి సాక్షుల్లో మళ్లీ కనిపిస్తుంటారు.

ఒక్క ఇబ్బంది: ఊరు డోనెగాల్ కౌంటీలో అని తేలితే, అక్కడ చాలా పారిష్‌ల రిజిస్టర్లు 1850ల తర్వాతే మొదలవుతాయి. ఐర్లండ్‌లో అందరి జననాల నమోదు 1864లో గానీ రాలేదు. అప్పుడు గ్రిఫిత్స్ వాల్యుయేషన్ అనే భూముల లెక్క ఆసరా. 1847–64 మధ్య ఏ టౌన్‌ల్యాండ్‌లో (పారిష్‌లో ఒక చిన్న పల్లె ప్రాంతం) ఏ భూమి ఎవరి చేతిలో ఉందో అందులో ఉంటుంది. ఈ కుటుంబం వెళ్లిపోయినా తండ్రో అన్నో అక్కడే ఉండి ఉండొచ్చు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ. భర్త డెత్ ఎంట్రీలో తండ్రి పేరు హ్యూ, తమ్ముడి మ్యారేజ్ ఎంట్రీలో ఓవెన్ అని ఉంది. ఏది నమ్మాలి?

జవాబు 1

ముందు ఓవెన్‌నే పట్టుకోండి. పెళ్లిలో ఆ పేరు చెప్పింది కొడుకే. డెత్ ఎంట్రీలో కింద సంతకం చూడండి, అల్లుడిదో పొరుగువాడిదో అయితే ఆ పేరు విన్నమాటే. కాకపోతే ఆ తమ్ముడు నిజంగా తమ్ముడేనని తల్లి పేరు కలిపి చూసుకున్నారా? అది కలవకపోతే హ్యూ, ఓవెన్ ఇద్దరూ వేర్వేరు మనుషులే కావచ్చు.