అప్‌డేట్: స్పీకర్ స్టాండ్లు తయారయ్యాయి

శ్రీకాకుళంలో మా అద్దె ఇంటికి తక్కువ ఖర్చుతో స్పీకర్ స్టాండ్లు ఎలా చేసుకోవాలని పోయిన నెల అడిగాను కదా. అయిపోయాయండీ! 4 అంగుళాల పీవీసీ పైపు, రెండు చివరలా ఎండ్ క్యాపులు (మూతలు), వాటికి స్క్రూలతో బిగించిన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు. అంతే.

కింది ముక్క వెడల్పుగా ఉండాలని అప్పుడు మీలో కొందరు చెప్పిన మాట నిజం. మొదట చిన్నది వేస్తే, మా పాప చెయ్యి తగిలి స్టాండు ఊగింది. గుండె ఆగినంత పనైంది.

పైపులో ఇసుక నింపమన్నవారికి వెయ్యి దండాలు. నాగావళి ఇసుకను రెండు రోజులు బాగా ఎండబెట్టి, పాలిథిన్ సంచుల్లో కట్టి నింపాను. తడి ఇసుక మాత్రం వద్దు, చెమ్మ దిగితే ప్లైవుడ్ ఉబ్బిపోతుంది. ఇప్పుడు పైపు మీద తడితే డొల్లగా మోగడం లేదు. ట్వీటర్ (స్పీకర్‌లో సన్నని, కీచు శబ్దాలు పలికే చిన్న భాగం) కూర్చున్నవాళ్ల చెవి ఎత్తుకు వచ్చింది, పాడేవాళ్ల గొంతు రెండు స్పీకర్ల నడుమ నుంచి స్పష్టంగా వినిపిస్తోంది. రెండింటికీ కలిపి 1,400 రూపాయలైంది.