టెర్రస్ మీద కామన్ సోలార్: బాగుచేయించాలా, తీసేసి ఇంటికో గీజర్ పెట్టుకోవాలా?

కింది ఫ్లాట్, మున్నెకొలాల
అందరికీ నమస్కారం. మాది బెంగళూరులో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, ఇరవై ఫ్లాట్లు. టెర్రస్ మీద అందరికీ కలిపి 2000 లీటర్ల సోలార్ ఉంది, గాజు ట్యూబుల రకం. కొన్ని నెలలుగా కింది రెండు అంతస్తులకు పొద్దున వేడినీళ్లు సరిగ్గా రావడం లేదు. బకెట్ల కొద్దీ చల్లనీళ్లు వదిలాక గోరువెచ్చగా వస్తాయి, అంతలోనే చల్లబడిపోతాయి. ఎండ బాగా కాసిన మర్నాడు కూడా ఇదే వరస. మెయింటెనెన్స్ మాత్రం పై అంతస్తుల వాళ్లతో సమానంగా కడుతున్నాం. సోలార్ తీసేసి ఎవరి గీజర్ వాళ్లు పెట్టుకోవాలని అసోసియేషన్ మీటింగ్‌లో ఓటింగ్ పెడుతున్నారు. నా మొగ్గూ అటే. మీరైతే ఏం చేస్తారు?

హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్
తీసేయండి సార్, ఆలోచించొద్దు. 15 లీటర్ల గీజర్ నీళ్లను 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి 0.7 యూనిట్ చాలు. 2 కిలోవాట్లదైతే ఇరవై నిమిషాల పని. సోలార్‌లో వేడి ఊరికే వస్తుందంటారు గానీ నీళ్లు ఊరికే రావు కదా. అంగుళం పైపులో మీటరుకు దాదాపు అర లీటరు నిలుస్తుంది. టెర్రస్ నుంచి మీ బాత్రూమ్‌కి 40 మీటర్లు అనుకున్నా, 20 లీటర్లు మోరీలో పోశాకే వేడి మొదలవుతుంది. 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం పడిగాపులు పడిన ఊరు ఇది. పైగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులే.

ఇందిరానగర్
అండీ, ఇరవై ఇళ్లలో ఇరవై గీజర్లు పొద్దున ఆరు, ఏడు మధ్య ఒకేసారి ఆన్ అయితే అదే 40 కిలోవాట్లు. మీ బిల్డింగ్‌కి అంత లోడ్ శాంక్షన్ అయిందో లేదో ముందు బెస్కాం (మన కరెంటు కంపెనీ) బిల్లులో చూసుకోండి. పాత వైరింగ్ అయితే ఇంకా జాగ్రత్త. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, కరెంటు పోయినా ఆవిడ స్నానం ఆగకూడదు. మా ఇంట్లో ఆ భరోసా సోలార్ వల్లే. కర్ణాటకలో 2007లో కొత్త ఇళ్లకు సోలార్ హీటర్ తప్పనిసరి చేశారు, మీ బిల్డర్ పెట్టింది కూడా అందుకేనేమో. తీసేసే ముందు ఆ నిబంధన సంగతి ఎవరినైనా అడగండి.

వైట్‌ఫీల్డ్, ప్లంబింగ్ పని
ఓటింగ్ సంగతి తర్వాత. అసలు జబ్బేంటో ఎవరూ చూసినట్టు లేదు. "వచ్చి మళ్లీ చల్లబడతాయి" అన్నారు చూడండి, అసలు ఆధారం అదే. పైపు పొడవే కారణమైతే ఒకసారి వేడి మొదలయ్యాక ఆగకూడదు. మధ్యలో చల్లబడుతున్నాయంటే ఎక్కడో చన్నీళ్లు వేడి లైన్‌లో కలుస్తున్నాయి.

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఇది నేను తరచుగా చూసే తంటా. పై అంతస్తుకు సోలార్ ట్యాంకు రెండు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది, అంటే ప్రెషర్ 0.2 బార్ మాత్రమే. షవర్ సన్నగా వస్తోందని వాళ్లు ప్రెషర్ పంపు పెట్టించుకుంటారు, అదీ చన్నీళ్ల లైన్‌కి మాత్రమే. ఇక మిక్సర్ రెండు నాబ్‌లూ తెరిచి ఉంచి, చివర హ్యాండ్ షవర్ మీట ఒక్కటే కట్టేశారనుకోండి. పంపు తోసే చన్నీళ్లు మిక్సర్ లోపలి నుంచే వేడి పైపులోకి ఎక్కుతాయి. అక్కడి నుంచి కింది ఇళ్లకు దిగుతాయి, పైకి సోలార్ ట్యాంకులోకీ పోతాయి. సింగిల్ లీవర్ మిక్సర్లో లోపల నీళ్లు కలిపే కార్ట్రిడ్జ్ అరిగినా ఇంతే. తప్పు పై ఇంట్లో, చలి కింది ఇంట్లో.

పరీక్ష ఖర్చు లేనిది. టెర్రస్ మీద సోలార్ ట్యాంకు అవుట్‌లెట్ వాల్వ్ కట్టేయండి. ఇళ్లలో నాబ్‌లు రోజూ ఎలా ఉంటాయో అలాగే ఉంచమనండి, పంపులూ ఆన్‌లోనే ఉండాలి. మీ ఇంట్లో వేడి కుళాయి తిప్పండి. పైపులో మిగిలిన నీళ్లు దిగిపోయి ధార ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే అవి చన్నీళ్లే. అప్పుడు ఒక్కో ఫ్లాట్ వేడినీళ్ల వాల్వ్ కట్టుకుంటూ పోతే, ఎవరిది కట్టినప్పుడు ధార ఆగిందో ఆ ఇల్లే.

పైకి వెళ్లినప్పుడు ట్యూబుల అడుగు భాగం కూడా చూడండి. వెండి రంగు పూత ఉంటే వాక్యూమ్ (వేడి బయటికి పోకుండా ఆపే గాలిలేని ఖాళీ) బాగున్నట్టు, తెల్లగా మారితే పోయినట్టు. బోరు నీళ్లయితే ట్యూబుల్లో సున్నం కడుతుంది. నీళ్లు ఎంత వేడెక్కితే సున్నం అంత త్వరగా పేరుకుంటుంది, కాబట్టి ఏడాదికోసారి ట్యాంకు ఖాళీ చేసి కడిగించాలి.

కోరమంగళ
గాలి కూడా చూడమనండి. మా తమ్ముడు ఇంగ్లండులో ఉంటాడు. అక్కడ ఇల్లంతా వెచ్చబెట్టే రేడియేటర్లు కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరినట్టే, పైనున్న చిన్న వాల్వ్ తిప్పి వదిలేస్తారు. మన వేడి లైన్ కూడా బీమ్ దాటేచోట ఎత్తుకి లేచి మళ్లీ దిగితే ఆ మలుపులో గాలి ఇరుక్కుని నీళ్లను ఆపుతుంది.

వైట్‌ఫీల్డ్, ప్లంబింగ్ పని
నిజమే మేడమ్. కానీ గాలి అడ్డుపడితే ధార సన్నబడుతుంది లేదా ఆగిపోతుంది. వీళ్లకు నీళ్లు బాగానే వస్తున్నాయి, వేడే లేదు.

కింది ఫ్లాట్, మున్నెకొలాల
ఇవాళ వాచ్‌మన్‌ని తోడు తీసుకుని వాల్వ్ కట్టి చూశాం. మా కుళాయి ధార ఆగనే లేదు. ఒక్కో ఫ్లాట్‌దీ కట్టుకుంటూ పోతే నాలుగో అంతస్తులో ఒకటి, ఐదో అంతస్తులో ఒకటి దొరికాయి. రెండిళ్లలోనూ ప్రెషర్ పంపులున్నాయి. ఆ రెండు వాల్వులూ కట్టాక మా ఇంటికి చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లు వచ్చాయి, కానీ రావడానికి చాలాసేపు పట్టింది. ట్యూబుల్లో మూడు తెల్లబడ్డాయి. ఇప్పుడు ఆ రెండిళ్ల వాళ్లు ఏం పెట్టించాలి?

వైట్‌ఫీల్డ్, ప్లంబింగ్ పని
మిక్సర్‌కి వచ్చే రెండు లైన్లలోనూ ఎన్.ఆర్.వి. (నీళ్లను వెనక్కి పోనివ్వని వాల్వ్) వేయించండి. వేడి వైపు స్ప్రింగ్ మెత్తగా ఉన్నది అడగాలి. గట్టి స్ప్రింగ్ అయితే 0.2 బార్‌కి తెరుచుకోదు, ఆ ఇంటికి వేడినీళ్లు ఇంకా తగ్గి కొత్త గొడవ మొదలవుతుంది. అది వచ్చేదాకా స్నానం అయ్యాక మిక్సర్ నాబ్‌లు రెండూ కట్టేయమనండి. ఆలస్యం తగ్గాలంటే పైపులో చల్లారిన నీళ్లను తిరిగి ట్యాంకుకి పంపే రిటర్న్ లైన్, దానికో చిన్న పంపు కావాలి. దాన్ని టైమర్‌తో పొద్దున 5 నుంచి 8 దాకానే నడపండి. రాత్రంతా తిరిగితే ట్యాంకులో వేడి పైపుల్లోనే ఆరిపోతుంది.

హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్
జబ్బు దొరికింది, సంతోషం. అయినా రిటర్న్ లైన్ ఖర్చు ఇరవై ఇళ్లూ పంచుకుంటాయా? ఐదో అంతస్తు వాళ్లకు దాని అవసరమే లేదు. వాళ్లు ఒప్పుకోకపోతే కింది ఎనిమిది ఇళ్లూ రోజూ నీళ్లు పారబోస్తూనే ఉండాలి. ఆ ఎనిమిది ఇళ్లకైనా గీజరే మేలని ఇప్పటికీ అంటాను.

ఇందిరానగర్
పై ఇళ్ల పంపుల వల్లే కదండీ కింది వాళ్లు ఇన్ని నెలలు చన్నీళ్లు పోసుకున్నది. రిటర్న్ లైన్‌లో వాళ్లూ వాటా కట్టాలి.

కింది ఫ్లాట్, మున్నెకొలాల
మీటింగ్‌లో నేను అడగబోయేది ఇది: ముందు రెండు ఇళ్లకూ ఎన్.ఆర్.వి.లు, మూడు ట్యూబులు మార్చడం, రిటర్న్ లైన్‌కి కొటేషన్. గీజర్ల ఓటింగ్ ఆ తర్వాతే.