అప్‌డేట్: మోడల్ విమానం పాత గ్లో ఇంజన్‌కి ఏ ఫ్యూయల్ మంచిదని అడిగాను కదా (బెంగళూరు)

నా 46 సైజు (0.46 క్యూబిక్ అంగుళాల) టూ స్ట్రోక్ ఇంజన్ థ్రాటిల్ తగ్గించగానే ఆగిపోతోంది, మిథనాల్ ఫ్యూయల్‌లో 5 శాతం నైట్రో (నైట్రోమీథేన్) సరిపోతుందా, 15కి వెళ్లాలా అని అడిగాను. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. నైట్రో సంగతి తర్వాత, ముందు గ్లో ప్లగ్ (వేడి తీగతో ఫ్యూయల్‌ని మండించేది) చూడమన్న అన్నకి మరీ మరీ.

అసలు దోషం అక్కడే ఉంది. స్టార్ట్ చేశాక ప్లగ్‌ని వేడిచేసే గ్లో బ్యాటరీ తీయగానే ఆర్‌పీఎం పడిపోయేది. ప్లగ్ విప్పి చూస్తే కాయిల్ మెరుపంతా పోయి బూడిద రంగులో ఉంది. మిథనాల్ మండుతూ ఉండాలంటే ఆ ప్లాటినం తీగ బాగుండాలి. కొత్త ప్లగ్ వేశాక ఐడిల్ చక్కగా నిలబడుతోంది.

ఫ్యూయల్ 5 శాతం నైట్రోనే ఖాయం చేసుకున్నాను. ఆయిల్ 18 శాతం, అందులో కొంత ఆముదం, మిగతాది సింథటిక్. ఎగిరాక రెక్కల మీద జిడ్డు తుడవడం పెద్ద పనే. అయినా మిక్స్చర్ లీన్ అయి (గాలికి తగ్గ ఫ్యూయల్ అందక) ఇంజన్ వేడెక్కినప్పుడు ఆముదం కాపాడినట్టు ఇంకేదీ కాపాడదని నా నమ్మకం.

చెన్నై నుంచి ఇంజన్ తెచ్చుకునేవాళ్లు ఒకటి గమనించండి. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పలచన. అక్కడి నీడిల్ (ఫ్యూయల్ ఎంత వెళ్లాలో సెట్ చేసే స్క్రూ) సెట్టింగ్ ఇక్కడ రిచ్ అవుతుంది, అంటే గాలికి ఫ్యూయల్ ఎక్కువవుతుంది. నేను కొద్దికొద్దిగా బిగిస్తూ, ఫుల్ థ్రాటిల్‌లో విమానం ముక్కు పైకెత్తి పట్టుకుని సౌండ్ విని సెట్ చేశాను.

మిథనాల్ గాలిలో తేమని లాగేస్తుంది కాబట్టి క్యాన్ మూత గట్టిగా బిగించే ఉంచుతున్నాను. రోజు చివర ట్యాంక్ ఖాళీ చేసి, ఇంజన్‌లో ఆఫ్టర్ రన్ ఆయిల్ రెండు చుక్కలు వేస్తే బేరింగులు తుప్పు పట్టవు.