సరస్సు గట్టును తోసేది గడ్డకట్టే నీరా, వేడెక్కే మంచుపలకా?

గట్టుమీదిల్లు:
మేముండేది మిన్నెసోటాలో, ఒక చిన్న సరస్సు ఒడ్డున. అడ్డంగా కిలోమీటరుకు కొంచెం ఎక్కువ ఉంటుంది. నిరుడు నీటి అంచున నిలువుగా కట్టించిన రాతిగోడ ఈ చలికాలంలో రెండడుగులు ఇంటి వైపు జరిగింది. వెనక ఉన్న మట్టి గడ్డితో సహా చాపలా మడతపడి మోకాలెత్తు కట్టగా లేచింది. వీధిలో అందరిదీ ఒకటే మాట: నీరు గడ్డకడితే ఉబ్బుతుంది, ఒడ్డును తోస్తుంది. నేను ఒప్పుకోలేకపోతున్నాను. సరస్సు గడ్డకట్టి బిగిసింది డిసెంబరు మొదట్లో. అప్పుడు ఒక్క రాయి కూడా కదలలేదు. కదిలింది ఫిబ్రవరిలో, గట్టి చలి వదిలి రెండు మూడు రోజులు ఎండ కాసినప్పుడు. గోడ మళ్ళీ కట్టించే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి.

భౌతికమాస్టారు:
బాబూ, ఇందులో తేల్చుకోవడానికి ఏముంది? నీరు మంచుగా మారితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. నిండా నీళ్ళు పోసి మూత బిగించిన గాజుసీసాను ఫ్రీజర్‌లో పెట్టి తరగతిలో ఏటా చూపించేవాణ్ణి, తెల్లారేసరికి పగిలి ఉండేది. సీసాను పగలగొట్టే బలానికి నీ గోడ ఒక లెక్కా?

గట్టుమీదిల్లు:
మాస్టారూ, సీసాకు అన్ని వైపులా మూతే. సరస్సుకు పైన మూత లేదు. పలక పెరిగేది అడుగు నుంచి: పాత మంచు కింద కొత్త పొర అంటుకుంటుంది, ఆ ఉబ్బుకు తగ్గట్టు పలక కాస్త పైకి తేలుతుంది. పక్కకు తోయాల్సిన అవసరమే రాదు.

పక్కకు తోసేది బిగిసిన తర్వాతి కథ. మంచు కూడా ఇనుములాగే చలికి కుంచించుకుంటుంది, వేడికి సాగుతుంది. కిలోమీటరు పొడవున్న పలక ఒక్క డిగ్రీ తేడాకు సుమారు 5 సెంటీమీటర్లు మారుతుంది. రాత్రి పై భాగం మైనస్ 25కు దిగినా, నీటిని అంటుకున్న అడుగుభాగం మాత్రం సున్నా దగ్గరే ఉంటుంది. సగటున పది డిగ్రీలు తగ్గినా అర మీటరు కుంచించుకోవాలి. ఒడ్డుకు అతుక్కుని ఉన్న పలక ఎక్కడికి పోతుంది? పగులుతుంది.

జనవరిలో ఒక రాత్రి ఆ పగులు మా ఇంటి ఎదుటే పడింది. ముందు సన్నని ఈల, దాని వెనకే బరువైన మోత. టార్చిలైటు పట్టుకుని వెళ్ళి చూశాను. వేలెడు వెడల్పు సందు, లోపల నల్లని నీరు. పలక అడుగు మందం ఉంది, నీరు పై అంచుకు అంగుళం కింద ఆగింది. మర్నాడు పొద్దున అక్కడ గోరు దూరే చోటు కూడా లేదు, తెల్లని గీత మిగిలింది. అంటే పలకకు వేలెడంత కొత్త మంచు చేరింది. ఇలాంటి పగుళ్ళు సరస్సు నిండా ఎన్నో. తర్వాత ఎండ కాసి పలక సాగితే ఆ సందులు ఖాళీగా లేవు. రైలు పట్టాల మధ్య వదిలిన సందుల్లో రాత్రికి రాత్రి ఎవరో ఇనుము పోసి పూడిస్తే మధ్యాహ్నానికి పట్టాలు ఏమవుతాయో, ఇదీ అంతే.

రేగడినేల:
మాది నంద్యాల వైపు. మంచు సరస్సును నేను చూడలేదు కానీ, మీరు చెప్పింది మా పొలంలో చూశాను. నల్లరేగడి వేసవిలో కాలు దిగేంత నెర్రెలిస్తుంది. పై మట్టి రాలి నెర్రెల్లో పడుతుంది. వానకు నేల ఉబ్బేసరికి ఆ చోటు నిండిపోయి ఉంటుంది, అందుకే ఒకచోట దిబ్బలా లేస్తుంది. పునాది లోతుగా వేయని గోడలు బీటలు వారేది ఈ ఉబ్బూ కుంగుల వల్లనే.

ఉత్తరగాలి:
గాలిని మరిచిపోయారు. 2013 మే నెలలో మీ మిన్నెసోటాలోనే మిల్ లాక్స్ సరస్సు మంచును గాలి ఒడ్డెక్కించింది. ఇళ్ళ తలుపులూ కిటికీలూ విరిగాయి. అదే సమయంలో కెనడాలోని మానిటోబాలో, డాఫిన్ సరస్సు ఒడ్డున ఇళ్ళే నేలమట్టమయ్యాయి. ఆ వేగానికి మనుషులు బయటికి పరుగెత్తారు. ఏ ఉష్ణోగ్రత లెక్కా అంత పని చేయదు.

గట్టుమీదిల్లు:
నిజం, అది గాలి పనే. కానీ మిల్ లాక్స్ 500 చదరపు కిలోమీటర్లకు పైబడిన సరస్సు, పైగా అది మే నెల. పలక ఒడ్డును వదిలి తేలుతున్నప్పుడే గాలికి చిక్కుతుంది. ఫిబ్రవరిలో మా పలక ఒడ్డుకు అతికే ఉంది. గాలి తెచ్చే మంచు ముక్కలు ముక్కలుగా గుట్టపడుతుంది. మా దగ్గర గుట్ట లేదు, మట్టి నెమ్మదిగా మడతపడింది.

సువావాసి:
నేను ఉద్యోగరీత్యా జపాన్‌లోని నగానోలో ఉంటున్నాను. ఇక్కడి సువా సరస్సు మీద చలికాలంలో మంచు మిట్ట ఒకటి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు లేస్తుంది. ఎగువ ఆలయంలోని దేవుడు దిగువ ఆలయంలోని దేవేరిని చూడటానికి నడిచిన దారి అని జనం నమ్మకం. దాన్ని ఒమివతరి అంటారు. 1443 నుంచి లెక్కలు రాసిపెడుతున్నారు. మీ వాదానికి పనికొచ్చేది ఒకటుంది: ఆ లెక్కల్లో సరస్సు బిగిసిన తేదీ వేరు, మిట్ట లేచిన తేదీ వేరు. నీరు గడ్డకట్టడమే కారణమైతే రెండు తేదీలు ఎందుకుంటాయి? ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. 2018లో మిట్ట లేచింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి లేవలేదు. పొద్దున్నే వెళ్ళి నీటిని చూసి వెనక్కి వచ్చే పూజారిని తలచుకుంటే బాధ కలుగుతుంది.

భౌతికమాస్టారు:
లెక్క వేసి చూశాను, బాబూ. డిగ్రీకి 5 సెంటీమీటర్లన్నది సరిపోయింది. సీసా పోలిక ఇక్కడ చెల్లదు, ఒప్పుకుంటున్నాను. కానీ పగులులోని నీరు గడ్డకట్టేటప్పుడైనా అటూ ఇటూ తోయదా? అక్కడ నా 9 శాతం ఉంది కదా.

గట్టుమీదిల్లు:
పగులుకు అడుగున సరస్సు తెరిచే ఉంది మాస్టారూ, ఎక్కువైన నీరు కిందికి పోతుంది. కొద్దిగా తోస్తుందేమో, కాదనను. అసలు పని మాత్రం ఆ పూడికదే, తర్వాత వచ్చే ఎండదే. ఒక్కసారి గుర్తు చేసుకోండి: ఈ ఏడాది మంచు చాలా తక్కువ కురిసింది. పలక మీద మంచు దుప్పటి మందంగా పరుచుకున్న ఏడాది చలీ ఎండా లోపలికి దిగవు. కిందటి చలికాలం అదే జరిగింది, పక్కింటి పాతగోడ చెక్కుచెదరలేదు. నీరు గడ్డకట్టడం మాత్రం రెండేళ్ళూ జరిగింది.

పిల్లలతల్లి:
ఆ మోత విన్నప్పటి నుంచి పిల్లలను పలక మీదికి పంపాలంటే భయంగా ఉంది. పగులుతోందంటే బలహీనపడినట్టే కదా?

ఉత్తరగాలి:
కాదమ్మా, మందమైన పలక కూడా మోగుతుంది. చెవిని నమ్మకండి, మందం కొలవండి. నడవడానికి కనీసం 4 అంగుళాల స్వచ్ఛమైన మంచు ఉండాలని మిన్నెసోటా రాష్ట్ర సహజవనరుల శాఖ చెబుతుంది. తెల్లగా ఉంటే అంతకు రెట్టింపు కావాలి. మిట్టలు లేచిన చోటికి మాత్రం పిల్లలను అసలు వెళ్ళనివ్వకండి, వాటి పక్కన నీరు బయటపడి ఉంటుంది.

గట్టుమీదిల్లు:
గోడ సంగతి. నిలువుగా కడితే పలక బలమంతా దాని మీదే పడుతుంది. ఈసారి రాళ్ళను ఏటవాలుగా పరిపిస్తాను, పలక వాటి మీదికి ఎక్కి విరుగుతుంది. లేచిన మట్టికట్టను తీయించను. డిసెంబరులో పలక మందం కట్టాక ఒడ్డు నుంచి లోపలికి వరుసగా మేకులు దిగగొట్టి వారం వారం దూరం కొలుస్తాను. మాస్టారూ, మీరు వస్తానంటే టేపు రెండో కొస మీకే ఇస్తాను.

భౌతికమాస్టారు:
వస్తాను. థర్మామీటర్లు రెండు తెస్తాను. ఒకటి పై అంచున పెడదాం, ఒకటి అర అడుగు లోతున.