అప్‌డేట్: 40 వాట్ల ల్యాంపులో 60 వాట్ల బల్బు

‘గరిష్ఠం 40 వాట్లు’ అని రాసి ఉన్న టేబుల్ ల్యాంపులో 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టవచ్చా అని పోయిన వారం అడిగాను. అడిగేనాటికే అది రెండు నెలలుగా వెలుగుతోందన్న సంగతి మాత్రం దాచాను, మన్నించండి.

మీరు చెప్పినట్టే ప్లగ్గు తీసి, చల్లారాక హోల్డరు విప్పాను. తెల్లగా ఉండాల్సిన లోపలి ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగింది. వైరు తొడుగును వేలితో కాస్త వంచానో లేదో, ఎండుటాకులా పొడిపొడిగా రాలిపోయింది. లోపల రాగి తీగ మెరుస్తూ కనిపించింది. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఫిలమెంట్ బల్బు తీసుకునే కరెంటులో 90 శాతానికి పైగా వేడిగానే పోతుందని చదివాను కానీ, ఆ వేడి పైకెక్కి హోల్డరునే కాలుస్తుందని తట్టలేదు. నా ల్యాంపులో బల్బు తలకిందులుగా వేలాడుతుంది మరి!

హోల్డరు, వైరు రెండూ మార్పించాను. ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టాను. డబ్బా మీద ‘60 వాట్లకు సమానం’ అని చూసి మళ్ళీ కంగారుపడ్డాను. అది వెలుతురు లెక్కట. ల్యాంపు పరిమితికి చూడాల్సింది అసలు వాడే 9 వాట్లే. గంట వెలిగాక తాకితే గోళం గోరువెచ్చగా, మొదలు మాత్రం బాగా వేడిగా ఉంది. దాని సర్క్యూటు అక్కడే ఉంటుంది కాబట్టి, గాలి ఆడేలా షేడు పైమూత తీసేశాను.